పసుపు గుడ్డల గోబి తోట

వానలు తగ్గుముఖం పట్టిన ఒక ఉదయం బుజ్జమ్మ మూడు రకాల గోబిపువ్వు విత్తనాలను మూడు మడుల్లో చల్లింది. ఒకటి తెలుపు, ఒకటి ఊదా, ఒకటి పసుపు. విత్తనాలన్నీ ఆవాల్లాగే ఉంటాయి, నారు కూడా ఒకేలా వస్తుంది. అందుకని పుల్లలకు గుడ్డపీలికలు కట్టి గుర్తు పెట్టింది. పసుపు గుడ్డ దొరక్క తెల్లదాన్నే పసుపునీళ్లలో ముంచింది. ఈ పంట అమ్ముడుపోతే, కూతురు శిల్పను అమ్మమ్మ దగ్గర వదిలి మొగుడితో పూణె పనికి పోనక్కరలేదు. పోయిన ఏడు బస్సు కదిలినప్పుడు శిల్ప ఏడవలేదు. బుజ్జమ్మకు అదే ఎక్కువ బాధ.

నారు నాటాక పుల్లలూ పొలంలోకి వచ్చాయి. తిమ్మాజిపేట పోతున్న రుక్కమ్మ వాటిని చూసి గట్టు మీద ఆగింది.

"ఏందే బుజ్జమ్మ, ఏ దేవునికి ముడుపు కట్టినవ్?"

"ముడుపు కాదక్కా. ఏ రకం యాడుందో తెల్వాలని కట్టిన."

"మొక్కు బయట చెప్పొద్దులే. నేనేం అడగ."

ఆ సాయంత్రమే రుక్కమ్మ తన మోకాలి నొప్పికి ఒక ముడుపు కట్టింది. తర్వాత భీమయ్య బోరు నీళ్ల కోసం, అంజమ్మ కోడలి కాన్పు కోసం కట్టారు. పుల్లలు చాలక మొక్కలకే కట్టసాగారు. బుజ్జమ్మ కాదన్నకొద్దీ గట్టు మీద టెంకాయలు పెరిగాయి.

పువ్వులు గట్టిపడ్డాయి. రెండు రోజుల్లో కోయకపోతే విచ్చుకుపోతాయి. కత్తి పట్టుకొచ్చిన బుజ్జమ్మ మొగుడు మాసయ్యను భీమయ్య ఆపాడు.

"ముడుపు చెట్టుకు కత్తి పెడ్తవా? నా బోరు ఎండితే నువ్వు నీళ్లు పోస్తవా?"

"మరెప్పుడు కొయ్యాలె కాకా?"

"అందరి మొక్కులు తీరినంక."

"అంజమ్మక్క కోడలికి ఇంక నాలుగు నెల్లున్నయ్."

మాసయ్య చేసేది లేక పూణెకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ నాగప్పకు ఫోన్ చేశాడు. మర్నాడు బండి వచ్చింది. శిల్ప ఎవరూ చెప్పకుండానే అమ్మమ్మ ఇంటికి పోవడానికి బట్టల సంచి సర్దుకుంది. అది చూసి బుజ్జమ్మ నేరుగా పొలానికి వెళ్లి, గట్టు మీది జనం ముందు నిలబడింది.

"మేం పూణె పోతున్నం. ఇగ మీ ముడుపులు మీరే చూసుకోండ్రి. దినాం నీళ్లు పెట్టాలె, పురుగులు ఏరాలె."

"పురుగులు కూడానా?" అంది అంజమ్మ.

ముడుపు కట్టిన పువ్వును కట్టినవాళ్లే వండుకు తింటే మొక్కు చేరినట్టేనని రుక్కమ్మ అప్పటికప్పుడు తేల్చింది. ఊరికే తీసుకుంటే ఫలించదని అందరూ డబ్బిచ్చి మరీ కొన్నారు. ముడుపు కట్టనివాళ్లూ వెనకబడలేదు. మధ్యాహ్నానికి తోట దాదాపు ఖాళీ అయింది. శిల్ప సంచి విప్పింది.

ఖాళీ బండితో వెనక్కి పోవడం ఇష్టంలేక నాగప్ప మిగిలిన పువ్వులన్నీ కొన్నాడు. మాసయ్య ఇంటి నుంచి ఆ ఏడు పూణె పోయినవి నలభై గోబిపువ్వులు.