గడ్డి ముట్టిన ధ్రువపత్రం

ఆషాఢంలో మండల కార్యాలయం పసుమర్తి భానుమూర్తి గారి నివాసాన్ని శివాలయం వీధి నుంచి ఆయన ఫోన్‌లోకి మార్చింది. రోజుకు తొమ్మిది గంటల చొప్పున, వరుసగా ఆరు నెలలు ఎక్కడ ఉంటే అదే నివాసమని నిబంధన. ఇందులో కక్ష ఏమీ లేదు. అదే వారం ఆ వీధిలో మరో పదకొండు మందిని మార్చారు.

చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. గ్యాస్ సిలిండరు తెచ్చినతను కొత్త చిరునామా చూసుకుని, సిలిండరును ఫోన్ పక్కన నిలబెట్టి, తలుపు ఎటుందని అడిగాడు. ఓటరు జాబితాలో ఇంటి నంబరు ఉండాల్సిన చోట ఛార్జింగు శాతం వేశారు. వీటికి భానుమూర్తి గారు సర్దుకున్నారు. నోటీసులోని చివరి పేరాకు మాత్రం సర్దుకోలేకపోయారు. ఆయన భార్య సుభాషిణి పోయినేడు చనిపోయింది. ఇక ఇంట్లో ఉంటున్నది ఎనిమిదేళ్ల కూతురు చందన ఒక్కతే కనుక, పదిహేను రోజుల్లో తండ్రి ఇంటికి తిరిగి రాకపోతే పాపను హాస్టలుకు పంపుతారట.

తిరిగి రావడానికి గడ్డి ముట్టిన ధ్రువపత్రం కావాలి. పొద్దస్తమానం ఆన్‌లైన్‌లో ఉండేవాళ్లను "పోయి గడ్డి ముట్టుకో" అని కుర్రకారు వెక్కిరిస్తారు. ప్రభుత్వం ఆ మాటను పరిశీలించి, సబబుగానే ఉందని తోచి, జీవో ఇచ్చింది. కార్యాలయం ఆవరణలో చాప వెడల్పున గడ్డి పెంచారు. పది నుంచి ఒంటిగంట వరకు ముట్టుకోవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఓటీపీ కోసం భానుమూర్తి గారు నాలుగు రోజులు ఫోన్ చూస్తూ కూర్చున్నారు. ఆ నాలుగు రోజులూ ఫోన్‌లోని నివాస కాలంలో కలిపారు.

పద్నాలుగో రోజున పాపను వెంటబెట్టుకుని వరుసలో నిలబడ్డారు. గడ్డి దగ్గర గుమాస్తా జానీబాషా కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఇంట్లోవాళ్లు ఎవరైనా గుర్తుపట్టాలండి. ఒకరి బదులు ఇంకొకరొచ్చి ముట్టేసి పోతన్నారు," అన్నాడు. "ఏం పాపా, మీ నాన్నేనా?"

చందన తండ్రి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తెలీట్లేదండి. తల వంచమనండి, చెప్తాను."

భానుమూర్తి గారు గడ్డి మీదికి వంగారు. నడినెత్తిన రెండు సుడులు కనిపించాయి.

"ఆఁ, నాన్నే."

ఆయన గడ్డి మీద చెయ్యి పెట్టి అలాగే వంగి ఉండిపోయారు. ముట్టింది చాలు, మాకూ కాస్త మిగల్చండని వెనకవాళ్లు అన్నారు. బడి రికార్డులో పుట్టుమచ్చలు రాసినట్టు, జానీబాషా గుర్తుల గడిలో రెండు సుడులని రాశాడు. ముఖం గడిలో వర్తించదని రాశాడు. ఇంట్లో ఇంకెవరుంటారని అడిగాడు.

"అమ్మేమో నాన్న ఫోన్లో ఉంటదండి," అంది చందన. "రోజూ అదే చీరలో నవ్వుతా ఉంటది."

"ఆవిడకి వేరే దరఖాస్తు పెట్టుకోవాలమ్మా," అన్నాడు జానీబాషా, ముద్ర వేస్తూ.

ఒంటిగంటకు పది నిమిషాలు ఉండగా ధ్రువపత్రం చేతికి వచ్చింది. వరుసలో మిగిలిన తండ్రులు ఫోన్లు జేబుల్లో పెట్టి, నడినెత్తి జుట్టు దువ్వుకోసాగారు.

బయట సంత రద్దీగా ఉంది. పాప తప్పిపోకుండా, భానుమూర్తి గారు ఆమె ఎత్తుకు వంగి, తల దించుకుని ఇంటిదాకా నడిచారు.