మధ్యలో మనిషెందుకండీ?

మనిషితో మాట్లాడకుండా పని జరగడాన్ని మించిన సుఖం ఈ భూమ్మీద లేదు! కాదన్నవాళ్లు పాతపట్నం దగ్గర మా రైతుల సంఘానికి కార్యదర్శిగా ఒక్క కోతల సీజను పనిచేసి చూడండి.

నిరుటి దాకా నా బతుకేమిటి? వరికోత మిషను కావాలని రైతు వస్తాడు. ముందు ఇంటావిడ మోకాళ్ల నొప్పి చెబుతాడు, ఆనక దూడ తప్పిపోయిన వైనం, ఆఖరికి పొలం సంగతి. అప్పుడు నేను మిషను డ్రైవరు లక్ష్ముడికి, కూలీల మేస్త్రీకి, వ్యాను వాడికి విడివిడిగా ఫోన్లు చేయాలి. ప్రతివాడూ ముందు టీ తాగావా అని అడుగుతాడు. ఎంత టైము వేస్టు!

అందుకే విజయనగరంలో మూడు రోజుల ట్రైనింగు అనగానే పరుగెత్తాను. ఝాన్సీ మేడం నేర్పారు. వాతావరణం చెప్పడానికి ఒక సర్వీసు, మిషను బుకింగుకి ఒకటి, కూలీలకి, సంచులకి, వ్యానుకి తలా ఒకటి. అన్నీ నెట్‌లోనే ఉంటాయి, ఎవరికి వారే యమునా తీరే! వీటిని వరసగా పిలిచి పని చేయించే పెత్తందారు పేరు ప్రాసెస్. ఒకటి సరేనంటేనే రెండోది కదులుతుంది. ఏ ఒక్కటి కాదన్నా అంతవరకూ చేసిందంతా దానంతటదే రద్దయిపోతుంది. మధ్యలో మీరు మాత్రం చెయ్యి పెట్టకండి అని మేడం మరీ మరీ చెప్పారు.

ముప్పై ఏళ్లుగా మా ఆవిడ చెబుతున్నదీ అదే.

మొదటి బుకింగు గున్నమ్మది. ఎకరన్నర చేను, పండి ఒరిగిపోతోంది. ఆ ఇంటికి ఏడాది తిండి అదే. మర్నాడు వాన అని వాతావరణం సర్వీసు చెప్పింది కాబట్టి కోత ఈరోజే కావాలి. మిషను సరే, కూలీలు సరే, సంచులు సరే, వ్యాను సరే. స్క్రీను నిండా ఆకుపచ్చ టిక్కులు! ఆఖరి స్టెప్పు డ్రైవరుకి ఆటోమేటిక్ ఫోను. వస్తున్నట్టయితే ఒకటి నొక్కండి.

లక్ష్ముడు కట్ చేశాడు.

మా వైపు ఫోను కట్ చేస్తే ఏమని అర్థం? బయల్దేరాను, దారిలో ఉన్నాను, ఊరికే విసిగించకు అని. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ప్రాసెస్‌కే తెలియదు. నేను చెప్పలేదు. అది రానన్నాడనుకుంది.

ఇక చూడాలి దాని క్రమశిక్షణ! కూలీలను వద్దంది, సంచులు వెనక్కి పంపింది, వ్యాను తిప్పేసింది, మిషనుని వరసలో ఉన్న పక్క ఊరి రైతుకి ఇచ్చేసింది. అంతా ఒక్క నిమిషంలో! నాకైతే రెండు రోజులు పట్టేది.

కొత్త బుకింగు కదా, మళ్లీ లక్ష్ముడికే ఫోను వెళ్లింది. అప్పటికతను గున్నమ్మ గట్టు దాకా వచ్చేశాడు. ఇదేదో వదిలేలా లేదని ఈసారి ఎత్తి, ఒకటి నొక్కి, చెప్పిన ఊరికి మిషను తిప్పాడు.

గున్నమ్మ దాని వెనకాల కొంత దూరం పరుగెత్తిందట. తరవాత నాకు ఫోను చేసింది. నేనెందుకెత్తుతాను? ఫిర్యాదులకీ ఒక సర్వీసు పెట్టాం కదా! మీ సమస్య మాకు ముఖ్యం అని అదే జవాబిచ్చింది. రద్దు కూడా విజయవంతంగా పూర్తయిందని స్క్రీను చెబుతుంటే నేను నిమ్మళంగా టీ తాగాను.

వాతావరణం సర్వీసు మాట తప్పలేదు. నాలుగు రోజులు కురిసింది.

వారం తరవాత గున్నమ్మ ఆఫీసుకొచ్చింది. ఓపిగ్గా ప్రింటవుట్ తీసి వివరించాను. ఏ సర్వీసూ తప్పు చేయలేదని, ఎవర్నీ అనడానికి లేదని ఒక్కో లైనూ చూపించాను. ఆలోచించండి, ఇదెంత వరం! పూర్వం పంట పోతే ఎవర్ని తిట్టాలో తెలిసేది, ఊళ్లో గొడవలయ్యేవి. ఇప్పుడా బెడద లేదు.

అంతా విని ఆవిడ కొంగుముడి విప్పి, మొలకలొచ్చిన వరి కంకులు నా కీబోర్డు మీద పెట్టింది.

"అదంతా నాకు తెల్దు బావూ. లక్ష్ముడి నెంబరు నీకాడ నేదేటి? ఒక్కపాలి పోను సేసి అడగనేకపోయావా?" అంది.

ఉంది. పదేళ్లుగా ఉంది. లక్ష్ముడిది మా పక్కిల్లే. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, ప్రింటవుట్‌లో ఇంకో పేజీ తిప్పాను.