కంబదూరు పీపీ ఈమెయిల్

2001లో ఒక గురువారం పొద్దున అర్థశాస్త్రం లెక్చరర్ గంగాధరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర హబీబుల్లా ఇంటర్నెట్ సెంటర్‌కు పోవాలి. హైదరాబాద్ సదస్సువాళ్ళు పంపారని కాలేజీలో విన్న ఈమెయిల్‌కు వస్తానని జవాబివ్వాలి. సాయంత్రం రైలెక్కాలి. పన్నెండులోగా జవాబు అందకపోతే ఆ అవకాశం ఫిజిక్స్ దివాకర్‌కు పోతుంది, దాని వెంట ప్రమోషనూ పోతుంది. వ్యాసం మాత్రం సిద్ధం. పల్లె జనానికి కంప్యూటర్ రావడానికి ఇంకా పదేళ్ళు పడుతుందని ఘంటాపథంగా ముగించాడు.

కంప్యూటర్ ఆయన పాస్‌వర్డ్‌ను ఒప్పుకోలేదు. మూడుసార్లు కొట్టినా అదే మాట.

"అది మార్చేసినారు సార్," అన్నాడు హబీబుల్లా తాపీగా.

"ఎవరప్పా మార్చింది? నా మెయిల్ కదా!"

"కంబదూరోళ్ళు సార్."

గంగాధరప్పకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట కంబదూరు ఎర్రన్న తన కొడుకు ఉద్యోగం అర్జీకి ఈమెయిల్ కావాలని వచ్చాడు. "ఫోన్‌కు పక్కింటోళ్ళ పీపీ నంబరు ఇయ్యవా? అట్లే నాది రాసుకోపో," అని బస్సు టికెట్టు వెనక అడ్రసూ, పాస్‌వర్డూ రాసిచ్చిన దాత తనే.

సదస్సుకు ఫోన్ చేద్దామంటే నంబరు ఆ ఉత్తరంలోనే ఉంది. ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి కంబదూరుకు చేశాడు. ఎర్రన్న భార్య తిరుపాలమ్మ పలికింది.

"ఆయప్ప చేనికాడికి పోయినాడు సార్. ఆ మెయిలు గుర్తుమాట టైలర్ మదీనాబీకే తెలుసు. దారాలకని అనంతపురం బస్సెక్కె. దిగినాక మొదట హబీబుల్లా కాడికే వస్తుంది."

బస్సు దారిలో రెండుసార్లు చెడిపోయి ఆగింది. మదీనాబీ వచ్చేసరికి పన్నెండుంపావు. గంగాధరప్ప కుర్చీలో కూలబడి ఉన్నాడు. ఆమె ఆయనకు కనపడకుండా అడ్డం కూర్చుని, పది వేళ్ళతో టకటకా పాస్‌వర్డ్ కొట్టింది. ఆయన ఇప్పటికీ కొట్టేది ఒక్క వేలితోనే.

పెట్టె నిండా ఉత్తరాలే. విత్తన శెనక్కాయల ధరలు, బెంగళూరులో పనికిపోయినవాళ్ళ క్షేమాలు, నలుగురు పెండ్లికొడుకుల ఫోటోలు. హైదరాబాద్‌ది మాత్రం లేదు.

"నా ఉత్తరం యాడమ్మా? నా ప్రమోషన్ అంతా దాంట్లోనే ఉండాది!"

"సదస్సుదా? సోమవారమే వచ్చె. గడువు ఉండాదని ‘కమింగ్’ అని జవాబు కొట్టినా. ఫోటోలకు జాగా చాలక దాన్ని తీసేసినా." చేతిసంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "ప్రింటు తీసిపెట్టినాలే. ఈ పొద్దు మీ ఇంటికాడ ఇచ్చిపోదామనే తెచ్చినా."

గంగాధరప్ప ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఆమె కాళ్ళకు దండం పెట్టాలన్నంత కృతజ్ఞత కలిగింది. కాసేపటికి ధైర్యం కూడగట్టుకుని అడిగాడు. "ఆ కొత్త పాస్‌వర్డ్ నాకూ చెప్పకూడదా, అమ్మా?"

"మీకా? వద్దులే సార్. మీరు ఎవరికైనా చెప్పేస్తారు."

సాయంత్రం రైల్లో ఆయన వ్యాసంలో ఒకేఒక్క మాట దిద్దాడు. చివరి వాక్యంలో ‘పల్లె జనానికి’ అన్నది కొట్టేసి, ‘లెక్చరర్లకు’ అని రాశాడు.