‘కాదు’ అనని చైనా మర్యాద

మొహమ్మీద ‘కాదు’ అనేవాడు మనిషే కాదు! ఈ సత్యం తెలిసినవాళ్లు చైనావాళ్లు. ఎదుటివాడి ముఖం చిన్నబోతుందని వాళ్లు ‘కాదు’ అనరట, ‘చూద్దాం’ అంటారట. ఇంతకన్నా చల్లని మాట లోకంలో ఉందా?

నా మాట నమ్మకుంటే జమ్మికుంట జిన్నింగు మిల్లులో మెకానిక్ సదానందాన్ని అడగండి. మిల్లుకు చైనా మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి లీ అనే ఇంజనీరూ వచ్చాడు. ఈ ముసురుకు తడిసిన పత్తి పోస్తే నడుస్తదా అని సదానందం అడిగాడు. లీ ఫోనులో ఏదో పలికితే, ఫోను తెలుగులో చదివింది: ‘కొంచెం కష్టం. చూద్దాం.’

కొంచెమే కదా! సదానందం నాలుగు బోరాల తడి పత్తి గుమ్మరించాడు. మిషను కడుపుబ్బిన బర్రెలా మూలిగి, పొగ వదిలి, పడుకుంది.

లీ తిట్టాడా? ఛ! చిరునవ్వు నవ్వాడు. రెండు రోజులు విప్పి, కడిగి, మళ్లీ బిగించాక అతని ఫోను మెల్లగా చెప్పింది: ‘మా దగ్గర చూద్దాం అంటే కాదని అర్థం. వినేవాడికి తెలుస్తుంది. లేచి వెళ్లిపోతాడు.’

సదానందం చేతిలోని పానా జారిపడింది.

వాళ్ల ఊరి వాగు మీద వంతెన కోసం సర్కారు ఆఫీసు సారు ఆరేళ్లుగా ‘చూద్దాం’ అంటున్నాడు మరి! అన్నప్పుడల్లా సదానందం దండం పెట్టి, ఊరికొచ్చి మంజూరైందని చాటాడు. రెండుసార్లు కొబ్బరికాయ కూడా కొట్టాడు. అతని బిడ్డ నిఖిత మాత్రం పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని, నడుము లోతు నీళ్లలో బడికి పోతూనే ఉంది. మొన్న కాలు జారింది. సంచి కొట్టుకుపోయింది, పిల్ల దక్కింది.

చూశారా, చైనా మర్యాద మన ఆఫీసులకు ఎప్పుడో వచ్చేసింది! సగమే వచ్చింది, అంతే. అనడం సార్లకు వచ్చింది, వినడం మనకు రాలేదు.

మర్నాడు సదానందం శాలువా కొని ఆఫీసుకు పోయి, సారుకు కప్పాడు.

“గిదేంది సదానందం?”

“మీరు ఆరేండ్ల కిందనే కాదని చెప్పిండ్రట సార్. మాకే సమజ్ కాలే. జర గదే మాట కాయితం మీద రాసియ్యుండ్రి. ఊళ్లె చూపెడ్త, ఇగ ఎవ్వలు ఎదురుచూడరు.”

సారు శాలువా సర్దుకున్నాడు. “కాయితమా? చూద్దాం తియ్.”

ఈసారి సదానందానికి సమజైంది. దండం పెట్టకుండానే లేచాడు. శాలువా మాత్రం వెనక్కి తీసుకున్నాడు. వాగు దాటేటప్పుడు బిడ్డ నడుముకు కట్టడానికి పనికొస్తుంది.