ఎనిమిదుల జత

ఆ ఆదివారం పొద్దున జగదీశ్వర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మర్నాడు శుభ్రంగా స్నానం చేసి పరీక్షకు వెళ్లాలి, అంతే. కానీ అశోక్ నగర్‌లోని ఆ హాస్టల్లో అంతస్తు మొత్తానికీ ఒకటే బాత్రూమ్. సోమవారం అతనిది పదకొండో వంతు. అది వచ్చేసరికి పరీక్ష సగం అయిపోతుంది.

అందుకే పేకాటకు కూర్చున్నాడు. అక్కడ డబ్బు పెట్టి ఆడరు, ఒక్కో చీటీ ఒక్కో పొద్దుటి స్నానం. పక్క గది వెంకటేశ్ దర్జాగా సోమవారం మొదటి వంతునే ముందు పందెంగా పడేశాడు.

ఏడు ముక్కల పోకర్. మొదట రెండు బోర్లా, ఒకటి అందరికీ కనబడేలా వేస్తారు. జగదీశ్వర్‌కు బోర్లా ముక్కలు రెండూ ఎనిమిదులే. గ్రూప్స్ పరీక్షలకు రాసుకున్నట్టే అతను పోకర్‌కూ నోట్సు రాసుకున్నాడు: మధ్యరకం జత చివరిదాకా నిలవదు, మొదట్లోనే గట్టిగా పెంచి అందరినీ వెళ్లగొట్టాలి, మొహంలో ఏమీ తెలియనీయకూడదు. నెల రోజుల చీటీలూ ఒక్కసారే ముందుకు తోశాడు.

"గిదేందన్నా, నెల మొత్తం పెట్టినవ్! రూమ్ ఖాళీ చేస్తున్నవా?" అన్నాడు వెంకటేశ్.

జగదీశ్వర్ నోట్సులో రాసుకున్నట్టే మొహం బిగించుకుని ముక్కలకేసే చూశాడు.

"అరే, రిజల్ట్స్ వచ్చినట్టున్నయ్! అన్నకు నౌకరి కొట్టింది!" అని ఎదురుగా ఆడుతున్న ఉదయ్ కుమార్ ముక్కలు పడేసి ఫోన్ అందుకున్నాడు. వెంకటేశ్ కూడా పడేశాడు. ఇద్దరూ అరుచుకుంటూ మెట్లు దిగారు.

తన ఎనిమిదులకే జడిసి పారిపోయారనుకుని జగదీశ్వర్ పొంగిపోయాడు. పరీక్షలు రాస్తున్న ఈ నాలుగేళ్లలో అతను గెలిచిన మొదటిది ఇదే. చీటీలు రెండుసార్లు లెక్కపెట్టుకుని గదికి వెళ్తే, అతని మంచం మీద ఎవరో పరుపు పరుస్తున్నారు. పక్కన హాస్టల్ యజమానురాలు నర్సింహమ్మ నిలబడి ఉంది.

"నౌకరి వచ్చినోనివి నాకు చెప్పొద్దా బిడ్డా? ఈ నరేంద్ర మూడు దినాల సంది మంచం కోసం తిరుగుతుండు. ఇచ్చేసిన."

"నాకు నౌకరి రాలేదమ్మా!"

"రాకుంటే నెల రోజుల తానం ఎవలన్న పందెం పెడ్తరా?"

పరీక్ష ముందురోజు పెట్టె పట్టుకుని రోడ్డున పడాలంటే జగదీశ్వర్‌కు ఏడుపొచ్చింది. నరేంద్రకు జాలేసింది.

"నేను కింద పండుకుంట తియ్ అన్నా. మంచం నువ్వే ఉంచుకో. గా చీటీలన్ని నాకియ్యి. రేపు నాకు గూడ పరీక్షనే."

సోమవారం పొద్దున జగదీశ్వర్ చాయ్ బండి దగ్గర మొహం కడుక్కుని, పౌడరు కాస్త ఎక్కువ కొట్టుకుని పరీక్షకు వెళ్లాడు.