పార్సిల్‌లో వచ్చిన చూపు

కళ్ళజోడు కోసం ఇంకా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఫోనులో కొనుక్కునే భాగ్యం ఉండగా, ఆ కుర్చీలో గడ్డం ఆనించి కూర్చోవడం ఎందుకండీ?

ముక్కూ మొహం తెలియని మనిషి మన కంట్లోకి లైటు వేసి చూడటం! ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా అని పదేపదే అడగటం! రెండూ ఒకేలా ఉన్నాయని చెప్పడానికి మనం మొహమాటపడి, ఏదో ఒకటి అనేసి ఇంటికి రావడం! ఈ అవస్థలన్నిటి నుంచీ మానవజాతిని విడిపించిన ఆన్‌లైన్ కళ్ళజోళ్ళకు ఈ వారం నా కాలమ్‌ను అంకితమిస్తున్నాను.

నేను ఊరికే పొగిడే మనిషిని కాదు. మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను.

మాది తమిళనాట తిరువళ్ళూరు. నా భార్య చెంగమ్మ పుట్టిల్లు తిరుత్తణి పక్కన పల్లె. అక్కడి తెలుగు బడిలో ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ సంగతి మా ఇంటికి వచ్చినవాళ్ళకు కాఫీ కంటే ముందు అందుతుంది. తమిళం గడగడా మాట్లాడుతుంది. బేరం మొదలుపెడితే మార్కెట్లో తమిళవాళ్ళే దారికి వస్తారు. చదవడం మాత్రం తెలుగు ఒక్కటే. బస్సును నంబరు చూసి ఎక్కుతుంది, ఊరి పేరు కండక్టరును అడుగుతుంది.

ఈ పత్రిక పోస్టులో రాగానే నా కాలమ్‌ను మొదట చదివేది ఆమే. మొదట అంటున్నాను గానీ, మా ఇంట్లో చదివేది ఆమె ఒక్కతే. కొడుకు హేమనాథ్, కోడలు ప్రియదర్శిని, మనవరాలు తనుశ్రీ ముగ్గురూ తమిళం, ఇంగ్లీషు చదివినవాళ్ళు. అందుకే వాళ్ళ గురించి నేను ఇంత నిర్భయంగా రాయగలుగుతున్నాను.

చెంగమ్మ చదివి ఊరుకుంటే బాగుండేది. ఈ జోకు నిరుడు కూడా వేశానంటుంది. మధ్యలో సాగదీశానంటుంది. పక్కింటి సంగతి రాసి మన ఇంటి పరువు తీశానంటుంది. ఏ రచయితకైనా ఇంట్లోనే ఇంత విమర్శ అవసరమా?

ఇలా ఉండగా, ఒకరోజు ఆమె కళ్ళజోడు మీద నేను కూర్చున్నాను. అది పొరపాటేనని చెంగమ్మ తప్ప అందరూ నమ్మారు.

హేమనాథ్‌కు శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆదివారం ఒక్కటే సెలవు. ఆరోజు ఊళ్ళో కళ్ళ డాక్టరు ఉండడు. అయినా తల్లి మీద ప్రేమ ఉన్న కొడుకు కాబట్టి ఫోను తీసి ఒక యాప్ తెరిచాడు. పరీక్ష కూడా అందులోనే, ఇంటి నుంచి కదలక్కర్లేదు.

ముందు ఫ్రేము చూడాలట. కెమెరా ఎదురుగా నిలబడితే మొహం మీద కళ్ళజోడు దానంతట అదే పెట్టి చూపిస్తుంది. చెంగమ్మ నిలబడింది. యాప్ బాగా ఆలోచించి, ఆమె వెనక క్యాలెండరులో ఉన్న తిరుత్తణి మురుగన్‌కు నల్ల ఫ్రేము పెట్టింది. స్వామికి చక్కగా నప్పింది. మా కోడలు చెంపలేసుకుని క్యాలెండరు తీసి లోపల పెట్టింది.

తర్వాత చూపు పరీక్ష. ఏ భాష కావాలని అడిగింది. తమిళం, ఇంగ్లీషు, హిందీ. పిన్‌కోడ్ చూసుకునే అడిగినట్టుంది, తెలుగు లేదు. అడుగున ఇంకో బటన్ ఉంది. చదవడం రానివారికి బొమ్మల పరీక్ష అట. ఏనుగు, గొడుగు, చేప. హేమనాథ్ దాని మీద వేలు పెట్టబోయాడు. చెంగమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"నేను చదువు రానిదాన్నా? ఎనిమిదో తరగతి దాకా చదివినా. అది నొక్కొద్దు నాయనా."

సరేనని తమిళం నొక్కాడు. ఫోనును గది ఆ చివర స్టూలు మీద నిలబెట్టారు. ఒక అక్షరం వచ్చింది.

"కనబడతా ఉందామ్మా?" అని హేమనాథ్ అడిగాడు.

"బాగా కనబడతా ఉండాది. చదివేదానికి రాదు."

"అట్ల చెప్పేదానికి దీంట్లో బటన్ లేదుమా."

ఉన్నవి రెండే. చదివారు, చదవలేకపోయారు. మావాడు నిజాయితీపరుడు, రెండోది నొక్కాడు. యాప్ అక్షరాన్ని కాస్త పెద్దది చేసింది. చెంగమ్మ అదే మాట చెప్పింది. ఇంకా పెద్దది చేసింది. ఆఖరికి ఒక్క అక్షరమే తెరంతా నిండిపోయింది. ఎదురింటివాళ్ళు వాళ్ళ వాకిట్లోంచి చదివేయగలరు! చెంగమ్మ మళ్ళీ అదే చెప్పింది. దిగులు పడకండి, మీకు తగిన అద్దాలు మా దగ్గర ఉన్నాయని యాప్ ఓదార్చింది.

మీరే చెప్పండి, మామూలు డాక్టరు ఏం చూస్తాడు? కంటిని చూస్తాడు, అంతే. ఈ యాప్ ఆమెకు తమిళం ఎంత రాదో కొలిచి, అంత లోటుకూ సరిపోయే పవర్ వేసింది! వైద్యం ఇంతకంటే ఏం ఎదగాలి?

ఆ సమయంలో నేను అక్కడే ఉన్నాను. విమర్శకుల చూపు విషయంలో రచయిత జోక్యం చేసుకోకూడదని నోరు మూసుకున్నాను.

పార్సిల్ వచ్చింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం కాబట్టి రెండు జతలు, రెండూ అదే పవర్. అప్పటి నుంచి మా ఇంట్లో సుఖశాంతులు మొదలయ్యాయి. ఆ అద్దాల్లోంచి చూస్తే ప్రతిదీ చిన్నదిగా కనబడుతుందట. ఇడ్లీలు మరీ చిన్నవైపోయాయని నా పళ్ళెంలో ఇంకో రెండు వేయసాగింది. నేను చిక్కిపోయానని నెయ్యి పెంచింది. చదునైన నేల మీద కూడా గడప దాటినట్టు కాలెత్తి నడుస్తుంది కాబట్టి వ్యాయామం. పాలు పోసే ఎలుమలైని మింజూరు నుంచి వచ్చిన తన తమ్ముడనుకుని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అతను ఇప్పుడు రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. బంధుప్రీతి పెరిగిందా లేదా?

వాపసు ఇవ్వకూడదా అని మీరు అడగవచ్చు. కారణం చెప్పమని యాప్ అడుగుతుంది. రంగు నచ్చలేదా, ఫ్రేము బిగుతుగా ఉందా, మనసు మారిందా? చదివిన భాష వేరు అని చెప్పడానికి అక్కడ కూడా చోటు లేదు. కావాలంటే మళ్ళీ పరీక్ష చేయించుకోండి అంటుంది. మళ్ళీ అవే అక్షరాలు! పైగా, సెలవు పాడుచేసుకుని కొనిచ్చిన కొడుకు మనసు నొప్పించడం చెంగమ్మకు ఇష్టం లేదు. వాడు ఇంట్లో ఉన్నంతసేపూ పెట్టుకునే తిరుగుతుంది.

ఇంతలో పత్రిక వచ్చింది. ఆమె నా పేజీ తీసి దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది, కిటికీ దగ్గరికి వెళ్ళింది. జోడు తీసి కూడా చూసింది. తర్వాత పత్రికను మడిచి బల్ల మీద పెట్టేసింది.

నేను కాఫీ తాగుతూ ఎదురుచూశాను. జోకు పాతదని ఎవరూ అనలేదు. సాగదీశానని ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న ప్రశాంతత ఇదే కదా? చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ఆ కాఫీ సహించలేదు.

సాయంత్రం చెంగమ్మ తనుశ్రీని పిలిచింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. తమిళంలో క్లాసు ఫస్టు. వీధి చివరి బస్సు బోర్డును మేడ మీద నుంచి చదివే కళ్ళు. తాత ఏం రాసినాడో చదివి చెప్పమని పత్రిక చేతికిచ్చింది. హేమనాథ్ అక్కడే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

తనుశ్రీ పేజీని పైనుంచి కిందికి చూసింది.

"బాగా కనబడతా ఉంది అవ్వా. చదివేదానికి రాదు."

హేమనాథ్ ఫోనులోంచి తలెత్తాడు. చెంగమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"అయితే నువ్వు బొమ్మల బటన్ నొక్కుమ్మా" అంది.

మావాడు వచ్చే వారం లీవు పెట్టాడు, తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడట. ఆమె చూపు బాగుపడుతుంది. మిగతా ముగ్గురి కళ్ళూ ఎప్పటినుంచో బాగానే ఉన్నాయి.

కాబట్టి ఎడిటర్‌గారికి నాదొక మనవి. ఇకమీదట నా కాలమ్‌లో అక్షరాలు తగ్గించి ఒక ఏనుగు, ఒక గొడుగు, ఒక చేప వేయించండి. మా ఇంట్లోవాళ్ళు కూడా చదువుకుంటారు.