రాక్ కవయిత్రి హెప్సిబా గారి ఏడో దరఖాస్తు

ప్రపంచంలోకెల్లా గొప్ప రాక్ గీత రచయిత ఎవరన్న సమస్య ఇన్నాళ్లుగా తేలకపోవడం సిగ్గుచేటని భావించి, ఆ బాధ్యతను భద్రాచలం పెద్దలు పోయిన వేసవిలో స్వచ్ఛందంగా స్వీకరించారు. గోదావరిలో నీళ్లు తగ్గి ఉన్నాయి, వరద పనులేవీ లేవు, తీరిక దొరికింది. ఇందుకోసం పెట్టిన సంఘానికి అధ్యక్షులు సిరాజుద్దీన్ గారు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకూ సభలకూ మైక్ సెట్లు కిరాయికిస్తున్న మనిషి కాబట్టి పాట గురించి ఆయనకు తెలియనిది ఉండదని అందరం ఒప్పుకున్నాం. విమర్శకులుగా రిటైర్డ్ లెక్చరర్ బొజ్జయ్య గారు కుదిరారు. ఆయన జంతుశాస్త్రం చెప్పేవారు. అన్ని కప్పల్ని కోసి చూపించిన చేతికి పాటొక లెక్కా!

మొదటి సమావేశంలో విదేశీ పాటలు విన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు కనుక అవి చాలా లోతైనవని ఏకగ్రీవంగా తీర్మానించారు. రెండో సమావేశంలో అర్హతలు ఖరారయ్యాయి. రచయిత కష్టాలు పడి ఉండాలి. జుట్టు పొడుగ్గా ఉండాలి. చనిపోయి ఉంటే మరీ మంచిది, సన్మాన సభకొచ్చి మాట్లాడతారన్న భయం ఉండదు. వీటితో ఉమ్మడి జిల్లాలో అర్హులెవరూ మిగల్లేదు. సంఘం మూతపడుతుందేమోనని మాకు బెంగ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పినపాక వైపు నుంచి ఒక పాట అందరి ఫోన్లలోకీ వచ్చి పడింది. పాడినవాడు జస్టిన్. చర్చిలో క్రిస్మస్‌కు గిటార్ వాయించే కుర్రాళ్లను వెంటేసుకుని బ్యాండ్ పెట్టాడు గానీ, పాడటానికి మాటల్లేక అల్లాడుతున్నాడు. మాటలు వాడి మేనత్త హెప్సిబా దగ్గర దొరికాయి. ఆమె ఆశా కార్యకర్త. కూతురు స్తుతిని వాగవతలి గూడెంలో ఇచ్చింది. ఆ వాగుకు వంతెన లేదు. స్తుతికి ఐదో నెల, నొప్పులొచ్చేది శ్రావణంలో. అందుకని హెప్సిబా వంతెన కోసం ఆరు దరఖాస్తులు పెట్టింది. ఏడోది రాస్తుండగా జస్టిన్ చూశాడు.

"అత్తా, గిది మస్తుంది. నేను పాడుతా," అన్నాడు.

"పాడుడేంది రా? గది ఆఫీసుల ఇచ్చేది!"

"ఆఫీసుల ఎవలు సదువుతుండ్రే? పాడితే ఇంటరు."

 ఆరు దరఖాస్తులకు ఏ గతి పట్టిందో గుర్తొచ్చి, హెప్సిబా సరేనంది. జస్టిన్ ఒక్క అక్షరం మార్చలేదు. "అయ్యా, నమస్కరించి వ్రాయునది ఏమనగా" అంటూ నెమ్మదిగా ఎత్తుకుంటాడు. "ముప్పై రెండు ఇళ్లు, ఒక్క వాగు" దగ్గర డ్రమ్ములు మొదలవుతాయి. "ఇట్లు, తమరి విధేయురాలు" అన్నచోట బ్యాండులోని నలుగురూ గొంతు చించుకుంటారు.

మూడో సమావేశంలో బొజ్జయ్య గారు ఈ పాటను బల్ల మీద పడుకోబెట్టి కోశారు. "ఇక్కడ వాగు అంటే వాగు కాదు, మనిషి అంతరంగం! ముప్పై రెండు ఇళ్లంటే దంతాలు. అంటే ఇది మాట పెగలని మౌనవేదన! వంతెన అంటే ఏమిటో నాకింకా అందలేదు. అందకపోవడమే దాని గొప్పతనం!" అన్నారు. సభ్యులు కళ్లు తుడుచుకున్నారు. కవయిత్రి బతికే ఉందని ఎవరో గొణిగారు గానీ, ప్రత్యేక సడలింపు ఇచ్చారు.

సన్మానానికి ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి వచ్చారు. ఆరు దరఖాస్తులూ వెళ్లింది వారికే. పాట వింటూ వారు వెక్కి వెక్కి ఏడ్చారు. హెప్సిబా మైకు అందుకుంది.

"సారూ, గది పాట గాదు, దరఖాస్తు. మా బిడ్డ నీళ్లాడే దినాలొస్తున్నయి. వాగు పొంగితె దవాఖానకు ఎట్ల తేవాలె? జర వంతెన కట్టియ్యుండ్రి సారూ."

చప్పట్లు మిన్నంటాయి. రెండో పాట మొదటిదానికంటే బాగుందన్నారు. అయితే అధికారి గారికి మాత్రం, ఎలాగో గానీ, విషయం బోధపడింది. వారంలో ఇంజనీరు వచ్చి వాగొడ్డున టేపు పెట్టి కొలిచాడు. ముగ్గు పోశారు. ఇసుక దిగింది. హెప్సిబా ఆ ఇసుకను చేత్తో తాకి చూసుకుని ఏడ్చింది.

సంఘానికి గుండె ఆగినంత పనైంది. సిరాజుద్దీన్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. "భాయ్, వంతెన కడితె పాటల బాధ యేడుంటది? రేపు బయటి దేశపోళ్లు వచ్చి వాగేదంటే ఏం జూపిస్తం?" అన్నారు. సభ్యులంతా చేతులెత్తి ఆమోదించారు. ప్రపంచంలోకెల్లా గొప్ప రాక్ గీతం పుట్టిన వాగును ఉన్నదున్నట్టు కాపాడాలని ప్రజల పేరిట ఒక దరఖాస్తు తయారైంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్టాండ్లలో బల్లలు వేసి సంతకాలు సేకరించారు. పాట వినిపిస్తూ కాగితం ముందు పెడితే కాదన్నవాళ్లు లేరు. పదకొండు వేల సంతకాలొచ్చాయి. ఆఫీసువాళ్లు మూడు రోజుల్లో చర్య తీసుకున్నారు. ప్రజాభిప్రాయాన్ని గౌరవిస్తూ ఇసుక వెనక్కి వెళ్లింది.

శ్రావణంలో వాగు పొంగింది. స్తుతిని నులక మంచం మీద పడుకోబెట్టి, జస్టిన్, మరో ముగ్గురు భుజాలకెత్తుకుని ఛాతీలోతు నీళ్లలో దాటించారు. హెప్సిబా మంచంకోడు పట్టుకుని నడిచింది. ఒడ్డున అభిమానులు ఫోన్లలో పాట పెట్టి వీడియోలు తీశారు. దేవుడి దయ, భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

దవాఖానా నుంచి తిరిగొస్తూ హెప్సిబా ఆఫీసుకెళ్లి ఆ సంతకాల కట్ట చూపించమంది. బెంచీ మీద కూర్చుని ఒక్కో పేరూ వేలు పెట్టి చదివింది. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. నాలుగో పేజీలో పైనుంచి ఆరో సంతకం దగ్గర మాత్రం ఆగి, "ఈళ్లెవరో మంచిగ సదువుకున్నోళ్ల లెక్కున్నరు. సంతకం పెట్టెటప్పుడు కాగితం సదవలేదా?" అని గుమాస్తాను అడిగింది. అది మీ సంతకమే. గుమాస్తాకు మీరు తెలియదు గనక, జవాబు మీరే చెప్పాలి.